జామ గింజలు, తెల్లారుజాము బస్సు: రెండుసార్లు చెడిపోయిన ఒక కొలనోస్కోపీ ప్రిపరేషన్

నేను ఒక జిల్లా టౌన్‌లో గ్యాస్ట్రో డాక్టర్‌ని. నోట్లోంచి కెమెరా ట్యూబ్ పెట్టి కడుపు చూసే ఎండోస్కోపీలు, కింద నుంచి పెట్టి పెద్దపేగు చూసే కొలనోస్కోపీలు దాదాపు రోజూ ఉంటాయి, పేగు క్లీన్ కాక వాయిదా పడేవీ ఉంటాయి. అలా వాయిదా పడినప్పుడు కేస్ షీట్‌లో "చెప్పినట్టు ప్రిపరేషన్ చేసుకోలేదు" అని ఒక లైన్ రాసేసి ఇంకో డేట్ ఇచ్చేస్తాం. ఈ కేసులో కూడా మొదట నేను అదే రాశా. ఆ లైన్ తప్పని తర్వాత తెలిసింది. ఎలా తెలిసిందో, ఆ లోపు మేం ఏమేం చేశామో, ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నామో వరసగా రాస్తున్నా. ఆ పేషెంట్‌నీ వాళ్ళావిడనీ అడిగి, వాళ్ళు సరే అన్నాకే రాస్తున్నా, వయసు, కుటుంబం, తేదీల్లాంటివి కొన్ని మార్చాను.

వచ్చిన కంప్లైంట్

62 ఏళ్ళ రైతు. వాళ్ళ ఊరి నుంచి మా టౌన్‌కి బస్సులో రెండు గంటలు పైనే. పదేళ్ళుగా షుగరు, బీపీ. నాలుగు నెలల నుంచి ఆయాసం, పొలం గట్టు మీద నాలుగడుగులు వేస్తే కూర్చోవాల్సి వస్తోందన్నారు. ఊళ్ళో ఆర్ఎంపీ గారు రక్తం తక్కువుందని ఐరన్ మాత్రలు ఇచ్చారు, రెండు సెలైన్లు పెట్టారు, పెద్దగా మార్పు లేదు. మా ఫిజీషియన్ దగ్గరికొచ్చినప్పుడు హిమోగ్లోబిన్ 8.2, ఎంసీవీ (ఎర్రకణాల సైజు) 66, ఫెర్రిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ) 6, అన్నీ బాగా తక్కువ. ఐరన్ లోపమే, అందులో డౌట్ లేదు. అక్కడి నుంచి నా దగ్గరికి పంపారు.

ఆ వయసు మగమనిషికి ఐరన్ ఇంతగా పడిపోయిందంటే ఎక్కడో రక్తం పోతోందనే ముందు అనుకోవాలి, అది ఎక్కువగా కడుపులోనో పేగులోనో ఉంటుంది. మోకాళ్ళ నొప్పులకి రెండేళ్ళుగా పెయిన్ కిల్లర్లు మింగుతున్నారు కాబట్టి నాకు ఫస్ట్ అల్సర్ మీదే అనుమానం వచ్చింది. మోషన్‌లో రక్తం ఎప్పుడైనా కనిపించిందా అంటే, తల దించుకుని, "ఎప్పుడన్నా ముక్కితే ఓ చుక్క పడుద్దమ్మా, మొలలు ఉన్నాయి కదా" అన్నారు. ఆడ డాక్టరు ముందు ఈ మాటలు చెప్పడానికి ఆయనకి చాలా ఇబ్బందిగా ఉందని అప్పుడే గమనించాను. గమనించి ఊరుకున్నాను, దాని గురించి ఏమీ చెయ్యలేదు, అది తర్వాత మాకు ఖరీదు పడింది.

మొలల నుంచి పడే చుక్క రక్తంతో హిమోగ్లోబిన్ 8కి రావడం చాలా అరుదు. కుడివైపు పెద్దపేగులో గడ్డ ఉంటే మాత్రం సరిగ్గా ఇలాగే కనిపిస్తుంది. అక్కడ పేగు వెడల్పుగా ఉంటుంది, మలం ఇంకా పలచగానే ఉంటుంది, కాబట్టి అడ్డు పడదు, నొప్పి రాదు. రోజూ కంటికి కనపడనంత రక్తం కారిపోతూ ఉంటుంది, మనిషికి తెలిసేది ఆయాసం ఒక్కటే. అందుకే పైనుంచి ఎండోస్కోపీ, కింద నుంచి కొలనోస్కోపీ రెండూ ఒకే రోజు పెట్టాం.

మొదటి ప్రయత్నం

మా రొటీన్ ప్రకారమే ఇచ్చాం. పేగు కడిగే పెగ్ పౌడర్ ప్యాకెట్ ఒకటి, 2 లీటర్ల నీళ్ళలో కలిపి సగం ముందురోజు సాయంత్రం 7కి, మిగతా సగం తెల్లారుజామున 4కి తాగడం మొదలుపెట్టి 6 లోపు అయిపోవాలి, ప్రొసీజర్ 9కి. ముందు మూడు రోజులు "తక్కువ పీచు గల ఆహారం" తినాలని షీట్‌లో ఉంది. షీట్ తెలుగులోనే ఉంది, చాలా రోజుల క్రితం మేమే రాయించుకున్నాం, తెలుగులో ఉంది కదా అని దాని గురించి ఇంక ఆలోచించలేదు. ఐరన్ మాత్రలు వారం ముందు ఆపమని చెప్పాం, ఎందుకంటే ఐరన్ వేసుకుంటే మోషన్ నల్లగా, జిగురుగా తయారై గోడకి పట్టేసి కడిగినా వదలదు. ఆయన వేసుకునే ఆస్పిరిన్ ఆపొద్దన్నాం, చిన్న పాలిప్ (పేగు గోడ మీద మొలిచే కండ) దొరికినా ఆస్పిరిన్ మీదే తీసెయ్యొచ్చు కాబట్టి. ప్రొసీజర్ రోజు పొద్దున షుగర్ మాత్ర వేసుకోవద్దు, బీపీ మాత్ర గుక్కెడు నీళ్ళతో వేసుకోండి అన్నాం.

వచ్చిన రోజు సిస్టర్ అడిగింది, "మందంతా తాగారా?" తాగానమ్మా అన్నారు. "మోషన్ నీళ్ళలాగా అయ్యిందా?" అయ్యిందమ్మా అన్నారు. టిక్, టిక్.

ముందు పై ఎండోస్కోపీ చేశాం. అల్సర్ లేదు. అల్సర్ తెచ్చే హెచ్ పైలోరీ క్రిమి టెస్ట్ నెగెటివ్, డుయోడినం (చిన్నపేగు మొదటి భాగం) నుంచి బయాప్సీ తీశాం. అంటే నా మొదటి అనుమానం పోయింది, ఇంక చూపంతా పెద్దపేగు మీదే. స్కోప్ పెట్టాక ఎడమవైపు పర్వాలేదు, బురదనీళ్ళు ఉన్నా కడిగితే గోడ కనిపిస్తోంది. అడ్డంగా ఉండే భాగంలోకి వెళ్ళేసరికి ముద్దలు. సక్షన్ చేస్తుంటే ఠపీమని ఆగిపోయింది, స్కోప్ బయటికి తీసి చానెల్ కడిగితే జామ గింజలు వచ్చాయి. మళ్ళీ పెట్టాం, ఆకుకూర తొక్కలు. పంపుతో నీళ్ళు కొట్టడం, పక్కకి తిప్పి పడుకోబెట్టడం, అన్నీ చేస్తూ పాతిక నిమిషాలు పోయింది. కుడివైపు మలుపు దగ్గరికి వచ్చేసరికి ముందు అంతా ముదురు గోధుమ రంగు చిక్కటి పూత, గోడ అనేది కనిపించలేదు.

బోస్టన్ స్కేల్ అని ఒక లెక్క ఉంది. పేగుని కుడి, మధ్య, ఎడమ అని మూడు భాగాలు చేసి ఒక్కోదానికి 0 నుంచి 3 వేస్తాం, మొత్తం 9. ప్రతి భాగానికీ కనీసం 2 వస్తేనే చూసింది చూసినట్టు. ఆయనకి ఎడమ 2, మధ్య 1, కుడి 0.

ఇక్కడ నా ముందు మూడు దారులు. ఒకటి, ఎలాగోలా తోసుకుంటూ చివరిదాకా వెళ్ళి "కనిపించినంతలో ఏమీ లేదు" అని రాయడం. రెండు, బయటికొచ్చేటప్పుడు కనిపించిన మొలల్ని రిపోర్టులో రాసి, రక్తహీనతకి అవే కారణం అనిపించేసి ఐరన్ ఇచ్చి పంపడం. మూడు, ఆపేసి మళ్ళీ చెయ్యడం. మొదటిది ప్రమాదం, కనపడని పేగులో స్కోప్ తొయ్యడం అంటే చిల్లు పడే రిస్క్ పెంచుకోవడం, పైగా చివరిదాకా వెళ్ళినా చూడలేని పేగుని చూసినట్టు లెక్క కాదు. రెండోది అంతకంటే ప్రమాదం, ఎందుకంటే ఆ కాగితం చేతిలో ఉంటే తర్వాత ఏ డాక్టరూ మళ్ళీ కొలనోస్కోపీ అడగడు, "చేయించారుగా, మొలలేగా" అంటారు. నాకు అప్పుడు గట్టిగా అనిపించింది ఏంటంటే, అసలు చెయ్యని కొలనోస్కోపీ కంటే సగం చేసి నార్మల్ అని రాసిన కొలనోస్కోపీ ఎక్కువ చెడు చేస్తుంది. ఆపేశాను. ఆపేసి, పైన చెప్పిన ఆ లైన్ రాశాను.

రెండోది, ఇంకా అధ్వాన్నం

బయటికొచ్చాక కొంచెం గట్టిగానే మాట్లాడాను, ఒప్పుకుంటున్నా. "జామకాయలు తినొద్దని షీట్‌లో ఉంది కదా పెద్దాయనా" అన్నా. ఆయన ఏమీ అనలేదు. వాళ్ళావిడ గుమ్మం దగ్గర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది.

ఎనీమా ఇచ్చి ఆ రోజే చెయ్యొచ్చా అని ఆలోచించాం, కానీ ఎనీమా క్లీన్ చేసేది ఎడమవైపు, మా సమస్య కుడివైపు. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టడం కంటే సగం ఖాళీ అయిన పేగు మీద ఇంకో ప్యాకెట్ తాగించి మర్నాడు చెయ్యడం మంచిదనిపించింది, ఇంత దూరం నుంచి మళ్ళీ రావాల్సిన పని కూడా తప్పుతుంది. టౌన్‌లో వాళ్ళ చుట్టాలు ఉన్నారు. సాయంత్రం లీటరు, తెల్లారుజామున లీటరు అని చెప్పి అక్కడికి పంపించాం.

రాత్రి 11 దాటాక క్యాజువాలిటీ నుంచి ఫోన్. చెమటలు, వణుకు, మాట తడబడుతోంది, షుగర్ 52. గ్లూకోజ్ ఇంజెక్షన్ ఇస్తే నిమిషాల్లో తేరుకున్నారు. ఏమైందంటే రాత్రి 8కి అలవాటు ప్రకారం షుగర్ మాత్ర వేసుకున్నారు. ఆ మాత్ర గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ రెండూ కలిసినది, పొద్దున ఒకటి రాత్రి ఒకటి. మేం చెప్పింది "ప్రొసీజర్ రోజు పొద్దున వేసుకోవద్దు" అని మాత్రమే. రాత్రి మాత్ర గురించి ఎవ్వరం చెప్పలేదు, షీట్‌లోనూ లేదు. ఆయన మా మాట అక్షరం తప్పకుండా పాటించారు. రెండు రోజులుగా సరిగ్గా తిండి లేని మనిషి, పైన విరేచనాలు, ఆ మీద గ్లిమెపిరైడ్. ఈ మందు ప్రభావం చాలాసేపు ఉంటుంది, ఒకసారి గ్లూకోజ్ ఇచ్చి ఇంటికి పంపితే మళ్ళీ పడిపోవచ్చు, కాబట్టి అడ్మిట్ చేసి తెల్లార్లూ గంట గంటకీ షుగర్ చూశాం. పొద్దున ప్రొసీజర్ క్యాన్సిల్. అలా పడిపోయిన రాత్రి తర్వాత మళ్ళీ మందు తాగమని, మళ్ళీ మత్తు ఇస్తామని అనడం నాకు సబబు అనిపించలేదు, వాళ్ళకీ ధైర్యం లేదు.

అసలు ఏం జరిగిందో తెలిసింది

తెలిసింది నాకు కాదు, మా వార్డులో పనిచేసే పెద్ద వయసు అటెండర్‌కి. ఆ రాత్రి ఆయన మంచం పక్కన కూర్చుని టీ తాగుతూ ఇద్దరూ పొలాల గురించి మాట్లాడుకున్నారట, మధ్యలో చెప్పుకున్నాడు. పొద్దున అటెండర్ వచ్చి, "మేడం, ఆయన తెల్లారుజాము మందు అసలు తాగలేదండీ, బస్సు ఉంది కదా" అన్నాడు.

ఐదున్నరకి ఫస్ట్ బస్సు. 4 నుంచి 6 దాకా మందు తాగాలని మేం రాశాం. మందు కడుపులో పడ్డాక అరగంట, గంటలో మొదలవుతుంది, ఒకసారి మొదలైతే ఆపుకోవడం అనేది ఉండదు. రెండు గంటల ప్రయాణం, నిండుగా ఉండే బస్సు, మధ్యలో ఎక్కడ దిగుతాడు? పంచె తడిపేసుకుని పదిమందిలో నిలబడాలా? ఆయన ఆలోచించే సగం సీసా పెరట్లో పారబోశారు. నన్ను నేను ఆయన స్థానంలో పెట్టుకుని చూసుకుంటే నేనూ అదే చేసేదాన్ని. టైమ్ టేబుల్ రాసింది మేము, టౌన్‌లో ఆటోలో పది నిమిషాల్లో వచ్చే మనిషిని మనసులో పెట్టుకుని రాశాం.

పొద్దున సగం ఎందుకంత ముఖ్యమో కూడా మేం ఎప్పుడూ చెప్పలేదు. రాత్రి తాగింది మలాన్ని బయటికి తోసేస్తుంది. కానీ ఆ తర్వాత రాత్రంతా చిన్నపేగు నుంచి పసరు, చిక్కటి ద్రవం కుడివైపు పెద్దపేగులోకి దిగుతూనే ఉంటుంది, అది గోడకి పూతలా పట్టేస్తుంది. పొద్దున తాగేది ఆ పూతని కడగడానికే. నేను చూసిన ఆ గోధుమ రంగు పూత సరిగ్గా అదే. "సగం తాగినా సగం క్లీన్ అవుద్దిలే" అనుకుంటారు ఎవరైనా, అలా అవ్వదు, పొద్దున సగం మానేస్తే మనం వెతికే చోటే మురికిగా ఉండిపోతుంది.

తర్వాత వాళ్ళావిడతో కూర్చున్నాను, ఆయన లేకుండా, ఈసారి అవునా కాదా అని అడగలేదు. "మూడు రోజుల ముందు నుంచి పొద్దున లేచినప్పటి నుంచి ఏం వండావో చెప్పమ్మా" అన్నా. చెప్పింది. మొదటిరోజు తోటకూర పప్పు, రాత్రికి రాగి సంకటి. రెండోరోజు గోంగూర. మధ్యాహ్నం పెరట్లో కాసిన జామకాయలు, రోజుకి మూడో నాలుగో. ముందురోజు పొద్దున రాగి జావ, అది లైట్ ఫుడ్డే కదా అని. ఎందుకమ్మా ఇవన్నీ అంటే ఆమె అన్నమాట నాకు ఇప్పటికీ గుర్తుంది. "పేగులు శుభ్రం అవ్వాలన్నారు కదమ్మా, ఈయనకి అసలే మలబద్ధకం, ఆకుకూరలు జామకాయలు తింటే సాఫీగా అయ్యుద్దని దగ్గరుండి పెట్టాను."

ఆమె నిర్లక్ష్యం చెయ్యలేదు. మామూలు రోజుల్లో అయితే మేమే ఆ సలహా ఇస్తాం, ఇదే ఓపీలో మలబద్ధకం ఉన్నవాళ్ళకి ఆకుకూరలు తినండి, జామపండ్లు తినండి అంటాం. కొలనోస్కోపీకి సరిగ్గా దానికి తిరగేసి చెయ్యాలి, ఎందుకంటే ఆ గింజలు, ఆకుల నార అరగవు, పెగ్ మందుకి కరగవు, స్కోప్‌లో ఇరుక్కుంటాయి. ఈ తిరగేసిన సంగతి ఎవరూ చెప్పకపోతే ఆమెకి ఎలా తెలుస్తుంది? షీట్‌లో "పీచు" అనే మాట చూపించి ఇదేంటో తెలుసా అంటే, "కొబ్బరి పీచు" అంది. జామకాయ తినొద్దని షీట్‌లో ఉందని ఆయన మీద అరిచాను కదా, షీట్ తెప్పించి చూశాను. లేదు. "గింజలు గల పండ్లు" అని ఉంది. జామకాయని గింజలున్న పండుగా ఎవరనుకుంటారు, గింజలున్న పండంటే సీతాఫలమో పుచ్చకాయో గుర్తొస్తాయి.

ఆ మధ్యాహ్నం ఆయన దగ్గరికెళ్ళి సారీ చెప్పాను. కేస్ షీట్‌లో ఆ లైన్ కొట్టేసి కింద సంతకం పెట్టి అసలు కారణాలు రాశాను.

మూడోసారికి ఏం మార్చాం

ముందు ప్రశ్న, ఎన్నాళ్ళు ఆగొచ్చు. గడ్డ ఉందన్న అనుమానం నాకు ఇంకా పెరిగింది, నెలలు ఆగడం కుదరదు. అలాగని రేపే అంటే మనిషి నీరసపడి ఉన్నారు. పది రోజులు పెట్టుకున్నాం. గుండె నొప్పి లేదు, హిమోగ్లోబిన్ 8 పైనే నిలకడగా ఉంది, కాబట్టి రక్తం ఎక్కించలేదు. నోటి ద్వారా ఐరన్ ఇస్తే ప్రిపరేషన్ చెడుతుంది, ఆపితే పది రోజులు వృథా, అందుకని డిశ్చార్జికి ముందే ఐరన్ సెలైన్‌లో ఎక్కించేశాం, ఫెర్రిక్ కార్బాక్సీమాల్టోజ్ 1000 మిల్లీగ్రాములు ఒకే సిట్టింగ్‌లో. రోజు విడిచి రోజు ఎక్కించే చవక ఐరన్ కూడా ఉంది, కానీ ప్రతిసారీ నాలుగున్నర గంటల బస్సు, ఇద్దరి కూలీ పోవడం లెక్కేసుకుంటే ఇదే చవక. నరంలోకి ఇచ్చిన ఐరన్ మోషన్ రంగు మార్చదు.

సీటీ స్కాన్ చేసేస్తే సరిపోదా అని వాళ్ళబ్బాయి అడిగాడు, న్యాయమైన ప్రశ్నే. పెద్ద గడ్డ అయితే కనిపించవచ్చు, చిన్నదైతే మిస్ అవ్వచ్చు, కనిపించినా ముక్క తియ్యడానికి మళ్ళీ కొలనోస్కోపీయే కావాలి. ఇంకో మాట అడిగాడు, "మేడం, చిన్న బాటిల్ మందు ఉంటుందంట కదా, ఈ లీటర్లు లీటర్లు లేకుండా అది ఇవ్వండి" అని. ఆ సోడియం ఫాస్ఫేట్ మందు ఒంట్లో నీరు లాగేస్తుంది, ఫాస్ఫేట్ కిడ్నీలో పేరుకుని పాడుచెయ్యచ్చు, వయసు పైబడిన, షుగరు ఉండి బీపీకి టెల్మిసార్టాన్ వాడే మనిషికి అది ఇవ్వడం నాకు ఇష్టం లేదు. పెగ్ ఎక్కువ తాగాలి నిజమే, కానీ అది ఒంట్లోంచి నీటినీ ఉప్పునీ పెద్దగా లాగదు, లోపలికి పోయింది పోయినట్టు బయటికొస్తుంది. కిడ్నీ టెస్ట్ క్రియాటినిన్ 1.0, పొటాషియం 3.9, రెండూ నార్మల్, ఎకోలో గుండె పంపింగ్ బాగుంది. ధైర్యంగా డోస్ రెట్టింపు చేశాం, మొత్తం 4 లీటర్లు. మలబద్ధకం, షుగరు, ఒకసారి ఫెయిల్ అయిన చరిత్ర, ఈ మూడూ ఉన్నవాళ్ళకి 2 లీటర్లు సరిపోతాయని మొదట్లో అనుకోవడమే నా తప్పు, ఆ లెక్క మొదటిరోజే వెయ్యాల్సింది.

ఆ పది రోజులూ రాత్రిపూట 17 గ్రాముల పెగ్ ఒక గ్లాసు నీళ్ళలో, రోజూ మోషన్ అయ్యేలా. లాక్టులోజ్ సిరప్ ఇవ్వలేదు, అది పేగులో పులిసి గ్యాస్ తయారు చేస్తుంది, పాలిప్ కరెంటుతో తియ్యాల్సి వస్తే ఆ గ్యాస్ లోపల ఉండకూడదు. ముందురోజు మధ్యాహ్నం విరేచనాల మాత్ర బైసాకోడిల్ 5 మిల్లీగ్రాములవి రెండు.

తిండి గురించి మా డైటీషియన్‌నీ వాళ్ళావిడనీ ఎదురెదురుగా కూర్చోబెట్టాం, ఆమె వండే వంటలే ఒక్కోటీ అడిగి, వద్దు, ఓకే అని విడదీశాం. తెల్లన్నం, పెరుగు, ఇడ్లీ, చట్నీ లేకుండా, ఆవాలు లేని రవ్వ ఉప్మా, పొట్టు తీసిన బంగాళాదుంప, గుడ్డు, చేప ఓకే. పప్పు కావాలంటే పెసరపప్పు మెత్తగా ఉడికించి పైన కట్టు మాత్రం. ఆకుకూరలు ఏవీ వద్దు, జామ, టమాటా, వంకాయ, బెండ, దోసకాయ, మునక్కాయ, పల్లీలు, నువ్వులు, ఊరగాయ, రాగి, జొన్న వద్దు. పోపులో ఆవాలు మానేయమంటే ఆమెకి నమ్మకం కుదరలేదు, అంత చిన్న ఆవగింజ ఏం చేస్తుందమ్మా అంది. స్కోప్ చూపించాను, సక్షన్ కన్నం ఎంతుంటుందో చూపించాను. అంతే, ఇంకేం మాట్లాడలేదు. ముందురోజు మాత్రం పూర్తిగా తేట ద్రవాలే, కొబ్బరి నీళ్ళు, వడకట్టిన నిమ్మరసం, చారు మీద తేట, పాలు లేని టీ. ఎరుపు రంగు డ్రింకులు వద్దు, లోపల చూస్తే రక్తంలా కనిపిస్తాయి.

షుగర్ మాత్రని "ప్రొసీజర్ రోజు పొద్దున" అని కాకుండా లెక్కపెట్టి చెప్పాం. మాత్రల పట్టీ తెప్పించి, ఆపాల్సిన మూడు మాత్రలు, ముందురోజు పొద్దునది, రాత్రిది, ఆ రోజు పొద్దునది, ఒక కవర్లో పెట్టి స్టేపుల్ చేసి ఇంటికెళ్ళాక విప్పమన్నాం. ఆ కవర్‌తో పాటు స్ట్రిప్ వెనక పేర్లు కూడా చదివాను, షుగర్‌ని మూత్రంలోకి పంపేసే గ్లిఫ్లోజిన్ రకం మందులు ఏమైనా ఉన్నాయా అని. అవి ఉంటే ఎక్కువమందిలో మూడు రోజుల ముందే ఆపాలి, లేకపోతే షుగర్ రీడింగ్ బాగానే ఉన్నట్టు కనిపిస్తూనే రక్తంలో కీటోన్లు అనే యాసిడ్లు పెరిగి ప్రాణం మీదికి రావచ్చు. ఆయనకి అవి లేవు. "షుగర్ మాత్ర" అని ఒకే పేరుతో జనం పిలిచే దాంట్లో ఎన్ని రకాలుంటాయో, ఎవరి స్ట్రిప్ వాళ్ళది చూడకుండా ఫోన్లో చెప్పేయడం ఎంత ప్రమాదమో ఆ రాత్రి తర్వాతే నాకు ఒంటికి పట్టింది.

బస్సు సంగతి, ముందురోజు మధ్యాహ్నానికే అడ్మిట్ చేశాం. అటాచ్డ్ బాత్రూమ్ ఉన్న రూమ్, వెస్టర్న్ కమోడ్, మోకాళ్ళ నొప్పుల మనిషి పన్నెండుసార్లు కూర్చుని లేవాలి కదా. ప్రొసీజర్ 11కి జరిపాం. సాయంత్రం 6 నుంచి 2 లీటర్లు, పొద్దున 5 నుంచి 7:30 లోపు 2 లీటర్లు, ఆ తర్వాత నోట్లో ఏమీ లేదు. మందు తాగించే డ్యూటీ ఆ అటెండర్‌కే ఇచ్చాం, ఆయనే అడిగి తీసుకున్నాడు.

మూడో గ్లాసుకి వికారం వచ్చింది. ఇక్కడ చాలామంది ఆపేస్తారు లేదా కంగారుగా గబగబా తాగేసి వాంతి చేసుకుంటారు. మేం అరగంట ఆపి, వాంతి ఆపే ఒండాన్సెట్రాన్ ఇచ్చి, పది నిమిషాలకో గ్లాసు బదులు ఇరవై నిమిషాలకో గ్లాసు చేశాం, మధ్యలో వరండాలో నడిపించాం. షుగర్ నాలుగుసార్లు చూశాం, ఒకసారి 84 వస్తే గ్లూకోజ్ నీళ్ళు తాగించాం. పొద్దున సిస్టర్ "నీళ్ళలా అయ్యిందా" అని అడగలేదు, కమోడ్ ఫ్లష్ చెయ్యకుండా ఉంచమంది. అడుగు కనిపిస్తూ, లేత పసుపు రంగులో, మూత్రంలా ఉంటేనే రెడీ. గోధుమ రంగు నీళ్ళు కూడా నీళ్ళే, మోషన్ విషయంలో మొదటిసారి ఆయన అబద్ధం చెప్పలేదు, మేం అడిగిన ప్రశ్నకి నిజమే చెప్పారు.

ఏం దొరికింది

కుడి 2, మధ్య 3, ఎడమ 3. మొదటిసారి ఆగిపోయిన మలుపు దాటి ఇంకో పది పన్నెండు సెంటీమీటర్లు వెళ్ళాక గడ్డ, నాలుగు సెంటీమీటర్ల దాకా ఉంటుంది, మధ్యలో పుండు, తాకితే రక్తం చెమర్చుతోంది. ఎనిమిది ముక్కలు తీశాం. గడ్డ దొరికింది కదా అని అక్కడితో ఆగకూడదు, మిగతా పేగులో ఇంకోటి ఉండొచ్చు, సీకం (పెద్దపేగు మొదలయ్యే చోటు) దాకా వెళ్ళి, వెనక్కొచ్చేటప్పుడు నిదానంగా చూస్తూ వచ్చాం. ఎడమవైపు 6 మిల్లీమీటర్ల పాలిప్ ఒకటి ఉంటే తీసేశాం. ప్రిపరేషన్ బాగుండబట్టే అది కూడా కనిపించింది.

రిపోర్టు అడినోకార్సినోమా, అంటే క్యాన్సరే. సీటీలో లివర్, ఊపిరితిత్తులు క్లియర్. మూడు వారాల్లో కుడివైపు పెద్దపేగు తీసేసే ఆపరేషన్ జరిగింది, తీసిన 19 లింఫ్ నోడ్స్‌లో దేంట్లోనూ లేదు. గడ్డ గోడ దాటే స్టేజ్‌లో ఉంది కానీ నోడ్స్‌కి పాకలేదు. ఆంకాలజిస్టు చూసి కీమో అవసరం లేదన్నారు. నాలుగు నెలలకి హిమోగ్లోబిన్ 12.6.

నేను ఆ మొదటి రోజు ఫోటోలు తీసి మళ్ళీ చూశాను. ఆ పూత కింద, స్కోప్ ముందు, జానెడు దూరంలో అది ఉంది. తోసుకుంటూ వెళ్ళుంటే దాని పక్క నుంచే దాటిపోయి ఉండేదాన్నేమో. మొలలు అని రాసి పంపేసి ఉంటే అనే ఆలోచన వస్తే ఇప్పటికీ నిద్ర పట్టదు.

మా దగ్గర మారినవి, మారనివి

షీట్ మొత్తం తిరగరాశాం. "పీచు" అనే మాటే తీసేసి కూరల పేర్లు పెట్టాం, పైన పెద్దక్షరాల్లో "మలబద్ధకానికి తినేవేవీ ఈ మూడు రోజులు తినొద్దు" అని రాశాం. వండే మనిషి రాకుండా షీట్ ఇవ్వట్లేదు, రాలేకపోతే ఫోన్ చేసి మాట్లాడుతున్నాం. డేట్ ఇచ్చేముందు ఎక్కడి నుంచి వస్తారు, ఎలా వస్తారు, దారిలో ఎన్ని గంటలు అని అడుగుతున్నాం. గంట దాటితే మధ్యాహ్నం స్లాట్, లేదా ముందురోజు రాత్రి పడుకోవడానికి డార్మిటరీలో నాలుగు బెడ్లు మేనేజ్‌మెంట్‌తో మాట్లాడి తీసుకున్నాం. నాలుగు చాలవు, ముఖ్యంగా ఆడవాళ్ళకి విడిగా కావాలి, అది ఇంకా కుదర్లేదు. మోషన్ ఫోటో వాట్సాప్ పెట్టమంటే కుర్రాళ్ళు పెడుతున్నారు, పెద్దవాళ్ళు సిగ్గుపడుతున్నారు, వాళ్ళకి మూడు సీసాల్లో మూడు రంగుల నీళ్ళు చూపించి ఏ సీసాలా ఉందని అడుగుతున్నాం, అది బాగా పనిచేస్తోంది. మగ పేషెంట్లతో ఈ మాటలు మా అటెండరే మాట్లాడతాడు, నా కంటే ఆయనకే నిజాలు చెప్తున్నారు.

ఆపరేషన్ అయ్యాక ఏడాదికి మళ్ళీ కొలనోస్కోపీ చెయ్యాలి. పోయిన వారం వాళ్ళావిడే ఫోన్ చేసింది, డేట్ కాస్త వెనక్కి జరపమని. పెరట్లో జామచెట్టు విరగకాసిందంట, కళ్ళముందు పెట్టుకుని మూడు రోజులు ఆయన్ని ఆపడం నా వల్ల కాదమ్మా, కాయలు అయిపోనివ్వండి అంది. రెండు వారాలు జరిపి మధ్యాహ్నం స్లాట్ ఇచ్చాను, ముందురోజు రాత్రికి బెడ్ కూడా రాసిపెట్టాం.